గాలిమోటరు జాగ మారితే నేలను ఎవరు అడగాలె?

(కామారెడ్డి, ఎల్లారెడ్డి సభలల్ల విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మేం పత్రికోళ్లం. డిగ్రీలు చదువుకున్నం, ధర్నా టెంట్లల్ల కూసున్నం, వంటావార్పుల్ల తిన్నం, రైలు పట్టాల మీద పండుకున్నం. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు పోయేదాక అరిచినోళ్లల్ల మేం కూడ ఉన్నం. ఆ మూడు మాటలల్ల ఆకాశం మాట లేదు. మన నెత్తి మీద ఉన్న ఆకాశం సంగతి ఎవరూ అడగలేదు. అందుకే ఇయ్యాల ఆ ముచ్చట మీ ముందు పెడుతున్నం.

ముందుగాల ఒక మాట ఖరాఖండిగ చెప్తం. సైన్యం వద్దని మేం అంటలేం. ఈ జిల్లాల నుంచి, ఈ పక్క జిల్లాల నుంచి పట్టాలం పోయిన పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. దేశానికి విమానాలు కావాలె, పైలట్లు కావాలె, వాళ్లు నేర్చుకునేతందుకు రన్‌వేలు కావాలె. మా ప్రశ్న వేరే. ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి యుద్ధ విమానాలను, శిక్షణ విమానాలను మారుస్తరు. మార్చే ముందు ఆ కొత్త జాగల ఉన్న మనుషులకు, పశువులకు, చెరువులకు, పిట్టలకు ఏమైతదో లెక్క తీసేది ఎవరు? తీసిన లెక్క ఎవరికి చూపిస్తరు? ఇంతే మా ప్రశ్న.

కామారెడ్డికి ఈ ముచ్చట ఎందుకు అని కొందరికి అనుమానం రావచ్చు. పటం తీసి చూడండ్రి. దక్షిణాన దుండిగల్ వాయుసేన అకాడమీ ఉన్నది. 1967ల అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దానికి పునాది రాయి వేసిండు. 1971 నుంచి అక్కడ శిక్షణ నడుస్తున్నది. దాని పక్కన హకీంపేట ఉన్నది. పడమటి దిక్కున బీదర్ ఉన్నది. ఒకప్పుడు మన హైదరాబాద్ సంస్థానంల భాగం, 1956ల కర్ణాటకల కలిసింది. హద్దు మారింది గాని నీళ్ల దారి మారలేదు. బీదర్ పక్క నుంచి వచ్చే మంజీరనే మన నిజాంసాగర్ నింపుతది. ఉత్తరాన ఆదిలాబాద్ ఉన్నది. ఆ సంగతి తర్వాత చెప్తం. ఇట్ల మూడు దిక్కుల విమానాల ముచ్చటే ఉన్నది. నడుమ మనం ఉన్నం.

ఈ స్థావరాలల్ల విమానాలు ఒక్క తీరుగ ఎన్నడూ లేవు. వరుసగ చూడండ్రి. 2004ల బ్రిటన్ నుంచి 66 హాక్ జెట్ శిక్షణ విమానాలు కొనేతందుకు ఒప్పందం అయింది. 2008 ఫిబ్రవరిల అవి బీదర్‌ల వాయుసేనల చేరినయి. 2009 జులై 31న మన మెదక్ జిల్లాల హెచ్‌పీటీ-32 అనే శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయిండ్రు. ఆ రకం విమానాలన్నిటినీ అప్పటి నుంచి నేల మీద కూసోబెట్టిండ్రు. కొత్త పిల్లలకు కూడ కిరణ్ జెట్ విమానాల మీదనే తొలి పాఠం చెప్పవలసి వచ్చింది. బీదర్‌ల ఉండే సూర్యకిరణ్ విన్యాసాల బృందాన్ని 2011ల ఆపింది కూడ శిక్షణకు విమానాలు చాలకనే. 2012ల స్విట్జర్లాండ్ నుంచి 75 పిలాటస్ విమానాలకు ఒప్పందం చేసుకున్నరు. 2013 మే నెలల అవి దుండిగల్‌ల చేరినయి.

ఒక రకం పోయి ఇంకో రకం వచ్చింది. పంకా విమానం జాగల జెట్ వచ్చింది, మళ్లీ జెట్ జాగల పంకా విమానం వచ్చింది. వచ్చిన ప్రతిసారి చప్పుడు మారింది, ఎగిరే ఎత్తు మారింది, తిరిగే వలయం మారింది, కాలే ఇంధనం మారింది. కింద ఉన్న ఊరికి మాత్రం ఒక్క కాయితం రాలేదు. చాటింపు లేదు, గ్రామసభ లేదు. పొద్దున లేచి చూస్తె నెత్తి మీద చప్పుడు మారింది, అంతే.

చప్పుడు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు అనేటోళ్లున్నరు. వాళ్లకు కొన్ని తారీఖులు యాది చేస్తం. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనల నౌకాదళ విన్యాస బృందం విమానం ఒకటి న్యూ బోయిన్‌పల్లిల ఇండ్ల మీద కూలింది. అందుల ఉన్న ఇద్దరు అధికారులు చనిపోయిండ్రు, కింద ఉన్నోళ్లు గాయపడ్డరు. 2017 సెప్టెంబర్‌ల కీసర దగ్గర కిరణ్ కూలింది. 2018 నవంబర్‌ల యాదగిరిగుట్ట దిక్కు ఇంకో కిరణ్ కూలింది. 2023 డిసెంబర్ 4న మనం హైదరాబాద్ పోయే 44వ నంబర్ హైవే మీద ఉన్న తూప్రాన్ దగ్గర, రావెల్లి శివారుల పిలాటస్ విమానం కూలి కాలిపోయింది. నేర్పే గురువు, నేర్చుకునే పిల్లగాడు ఇద్దరూ పాణం ఇడిసిండ్రు. వాళ్లను కన్నోళ్ల దుఃఖం మన దుఃఖమే. ఎవరినో తప్పు పట్టేతందుకు మేం ఈ తారీఖులు చెప్తలేం. శిక్షణ విమానాల కింద బతుకుడు అంటే ఒక అపాయం కింద బతుకుడు. ఆ అపాయం ఎంత, ఏ ఊరి మీద ఎక్కువ, ఏ బడి మీది నుంచి వలయం తిరుగుతది అని ముందుగాల లెక్క వేసుకోవాలె. ఆ లెక్క వేస్తే పైలట్లకు కూడ మేలే.

ఇగ ఆదిలాబాద్ ముచ్చట. అక్కడ నిజాం కాలం నాటి పాత విమాన మైదానం ఉన్నది. ఆ భూమి వాయుసేనది. దాన్ని పెద్దగ చేసి వాయుసేన శిక్షణ కేంద్రం పెట్టాలనే మాట ఏండ్ల సంది నడుస్తున్నది. 2025 ఏప్రిల్‌ల అక్కడి నుంచి పౌర విమానాలు నడిపేతందుకు కూడ వాయుసేన ఒప్పుకున్నట్టు ప్రకటన వచ్చింది. ఆదిలాబాద్ ప్రజలు సంబురపడ్డరు. పడాలె కూడ. హైదరాబాద్ పోవాలంటే రాత్రంతా బస్సుల కూసునే జిల్లా అది. విమానం రావాలని కోరుడు తప్పు కాదు. అయితే టికెట్ కొని ఎక్కే విమానం వేరు, శిక్షణ విమానం వేరు. టికెట్ విమానం పొద్దున ఒకటి, మాపటికి ఒకటి వచ్చిపోతది. శిక్షణ విమానం అట్ల కాదు. దిగినట్టే దిగి మళ్లీ లేస్తది, ఒకే వలయంల పదిసార్లు తిరుగుతది. ఒక్క రన్‌వే, ఒక్క జాగ, కాని కింద ఉన్నోళ్ల బతుకు మీద పడే బరువు రెండు తీర్లు. ఈ రెండింటినీ కలిపి ఒకటే సంబురం లెక్క చెప్తే కుదరదు. విడగొట్టి చెప్పాలె.

సరే, లెక్క తీయాలంటే ఏమేమి తియ్యాలె? చదువుకున్నోళ్లు ఉన్న సభ గనుక జర వివరంగ చెప్తం.

మొదటిది చప్పుడు. చప్పుడును డెసిబెల్‌లల్ల కొలుస్తరు. పది డెసిబెళ్లు పెరిగితే మన చెవికి చప్పుడు రెండింతలు అయినట్టు అనిపిస్తది. మన దేశంల 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంల పగలు 55, రాత్రి 45 దాటొద్దు. బడి, దవాఖాన ఉన్న నిశ్శబ్ద మండలంల పగలు 50, రాత్రి 40. ఇక్కడ ఒక మతలబు ఉన్నది. దినమంతటి సగటు తీస్తే విమానం చప్పుడు చిన్నగ కనబడుతది. నడుమ నడుమ నిశ్శబ్దం ఉంటది గద, అది చప్పుడును మింగుతది. కాని లెక్కల సారు బోర్డు మీద సూత్రం చెప్పేటప్పుడు ఇరవై సార్లు నోరు మూసుకోవలసి వస్తే ఆ పిల్లలు పోగొట్టుకున్న పాఠం ఏ సగటుల కనబడుతది? అందుకని సగటు ఒక్కటే చాలదు. ఒక్కొక్కసారి ఎంత, దినానికి ఎన్నిసార్లు, ఏ గంటల అని విడిగ రాయాలె.

రెండోది నీళ్లు. విమాన స్థావరంల ఇంధనం నిలువ చేస్తరు. మంటలు ఆర్పే నురగ వాడుతరు. ఆ పాత తరం నురగలల్ల ఉండే రసాయనాలు నేలల ఇంకితే ఏండ్లకేండ్లు పోవు. అమెరికాల, ఆస్ట్రేలియాల ఎన్నో సైనిక స్థావరాల చుట్టుపక్కల బావుల నీళ్లు తాగరాకుండ అయినయి. ఆ సంగతి అక్కడి ప్రభుత్వాలే ఒప్పుకున్నయి. మన దగ్గర ఊరికి ఊరు బోరు మీద బతుకుతున్నది. విమానాలు రాకముందే చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు పరీక్ష చేసి పెట్టుకోకపోతే, వచ్చినంక చెడిపోయిందని ఎవరు రుజువు చేస్తరు?

మూడోది పిట్టలు. ఎల్లారెడ్డి దిక్కు వాళ్లకు పోచారం చెరువు కొత్తగ చెప్పే పని లేదు. 1922ల పూర్తయిన ప్రాజెక్టు. దాని చుట్టూ ఉన్న అడివి 130 చదరపు కిలోమీటర్ల దాక అభయారణ్యం. చలికాలంల హిమాలయాలు దాటి పట్టెతల బాతులు అక్కడ దిగుతయి. అటు నిజాంసాగర్ ఉన్నది. పిట్టకు విమానం ఎంత అపాయమో విమానానికి పిట్ట అంత అపాయం. ఇంజన్ల ఒక పెద్ద పిట్ట పడితే రెండు పాణాలు గాలిల దీపం అయితయి. తక్కువ ఎత్తుల తిరిగే విమానాలకు చెరువుల మీద దారి వేసే ముందు ఏ నెలల ఏ పిట్ట ఎటు పోతదో తెలిసి ఉండాలె.

నాలుగోది భూమి. రన్‌వేకు పోయే భూమి ఒక్కటే లెక్క కాదు. 1903 నాటి రక్షణ కట్టడాల చట్టం కింద స్థావరం చుట్టుపక్కల ఇండ్లు కట్టకుండ ఆంక్షలు పెట్టవచ్చు. భూమి పట్టా నీ పేరు మీదనే ఉంటది, ఇల్లు కట్టరాదు. బెంగళూరు యలహంక వాయుసేన స్థావరంల విమాన ప్రదర్శన జరిగినప్పుడల్ల చుట్టూ ఉన్న మటన్, చికెన్ దుకాణాలు వారాలకొద్ది బంద్ పెట్టిస్తరు. గద్దలు రావొద్దని ఆ పని చేస్తరు. 2025ల చుట్టూ 13 కిలోమీటర్ల దూరం దాక ఆ ఆంక్ష పెట్టిండ్రు. పైలట్ పాణం కాపాడేతందుకు అది అవసరమే కావచ్చు. కాని ఆ మటన్ కొట్టు మీద బతికేటోని పూటకు లెక్క ఎవరు కట్టాలె? స్థావరం గోడ దగ్గర దాని ప్రభావం ఆగదని చెప్పేతందుకే ఈ మాట చెప్తున్నం.

ఇప్పుడు మన చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1994 జనవరి 27న మొదటిసారి పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేసిండ్రు. 2006 సెప్టెంబర్ 14న కొత్త నోటిఫికేషన్ వచ్చింది. విమానాశ్రయాలు దాని జాబితాల ఉన్నయి. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె. ముప్పై రోజుల ముందుగాల పేపర్లల్ల నోటీసు ఇయ్యాలె. జిల్లా కలెక్టర్ గాని, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గాని కూసోవాలె. అంతా వీడియో తియ్యాలె. మంచిగనే ఉన్నది. అదే నోటిఫికేషన్ల ఇంకో వాక్యం ఉన్నది. దేశ రక్షణ, భద్రతకు సంబంధించినవి, కేంద్రం వ్యూహాత్మకం అని తేల్చినవి ప్రజాభిప్రాయ సేకరణ లేకుండ పోవచ్చు. మినహాయింపు ఇచ్చింది ప్రజల మాట వినుడు నుంచి. అంచనా రాసుడు నుంచి కాదు. కాని జనం ముందుకు రాని అంచనా ఎట్ల రాసిండ్రో ఎవరికి ఎరుక?

దీనికంటె పెద్ద బొక్క ఇంకోటి ఉన్నది. మన చట్టం కట్టడాన్ని చూస్తది, కదలికను చూడదు. కొత్త రన్‌వే పోస్తే, బిల్డింగు లేపితే అది ప్రాజెక్టు. ఉన్న రన్‌వే మీదికి నిన్నటి దాక వేరే రాష్ట్రంల ఉన్న ముప్పై జెట్‌లు తెచ్చి దింపితే ఇటుక మీద ఇటుక పెట్టలేదు గనుక అది చట్టం కండ్లకు కానరాదు. ఊరి చెవులకు మాత్రం అదే అసలు మార్పు.

మిగతా చట్టాలు కూడ ఇదే దారిల నడుస్తున్నయి. 2013 భూసేకరణ చట్టంల సామాజిక ప్రభావ అంచనా పెట్టిండ్రు. అయితే రక్షణ పేరు మీద అత్యవసర క్లాజు వాడితే ఆ అంచనా అక్కర లేదని అండ్లనే రాసిండ్రు. ఆ చట్టానికి మన సొంత రాష్ట్రం చేసిన సవరణ 2017ల అమలులకు వచ్చింది. రక్షణ ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి తప్పించే వీలు దాంట్ల కూడ ఉన్నది. ఢిల్లీ చేసింది ఢిల్లీ చేసింది, మన అసెంబ్లీల కూసున్న మనోళ్లు కూడ అదే తలుపు ఇంకింత వెడల్పుగ తెరిచిండ్రు. 2023ల అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, భద్రతకు సంబంధించిన కట్టడాలకు పది హెక్టార్ల దాక అడివి భూమిని మినహాయించిండ్రు. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలల్ల ఐదు హెక్టార్ల దాక ఇంకో మినహాయింపు ఇచ్చిండ్రు.

ఈ మినహాయింపుల దారి ఏడికి పోతదో దామగుండం చూస్తే సమజైతది. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంల 2,900 ఎకరాల రిజర్వు అడివి. మూసీ పుట్టే అనంతగిరి గుట్టల దిక్కు. అక్కడ నౌకాదళం సముద్రం అడుగున ఉండే జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం పెడుతున్నది. ఇసువంటిది దేశంల మొదటిది తమిళనాడు తిరునెల్వేలిల 1990ల మొదలైంది. ఇది రెండోది. 2020ల హైకోర్టుల కేసు పడింది. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలిసి శంకుస్థాపన చేసిండ్రు. భూమి ఇచ్చే పని ఒక ప్రభుత్వంల మొదలైంది, ఇంకో ప్రభుత్వంల పూర్తయింది. ఆ ఊర్లోళ్లు, పర్యావరణం తెలిసినోళ్లు రోడ్డు మీదికి వచ్చి అడిగిండ్రు. వాళ్లు అడిగింది ఆ కేంద్రం రహస్యం కాదు. చెట్లు ఎన్ని పోతయి, నీళ్లు ఎటు పోతయి, గుడికి దారి ఉంటదా ఉండదా అని అడిగిండ్రు. వాళ్లకు అన్నిటికంటె ముందుగాల వచ్చిన జవాబు దేశభక్తి లేదా అనే ఎదురు ప్రశ్న.

వేరే దేశాలల్ల ఏమైందో కూడ చూద్దాం. అక్కడ అంతా మంచిగున్నదని కాదు. కొట్లాట ఎట్ల నడిచిందో తెలుసుకునేతందుకు.

అమెరికాల 1970 జనవరి ఒకటిన ఒక పర్యావరణ చట్టం అమలులకు వచ్చింది. ప్రభుత్వం చేసే ఏ పెద్ద పనికైనా ముందుగాల ప్రభావం రాయాలె అన్నది. సైన్యానికి కూడ అదే మాట. 2003ల అక్కడి నౌకాదళం నార్త్ కరోలినా రాష్ట్రం వాషింగ్టన్ కౌంటీల ముప్పై వేల ఎకరాల మీద ఒక రన్‌వే పెట్టాలని నిర్ణయించింది. వర్జీనియాల ఉండే సూపర్ హార్నెట్ యుద్ధ విమానాలు అక్కడికి వచ్చి దిగుడు నేర్చుకోవాలని ఆలోచన. ఆ జాగ పక్కనే చలికాలంల హంసలు, బాతులు వేలకు వేలు దిగే అభయారణ్యం ఉన్నది. అక్కడి రైతులు, పిట్టల సంఘాలు కోర్టుకు పోయినయి. 2005ల అప్పీలు కోర్టు నౌకాదళం చేసిన పరిశీలన సరిపోదని తేల్చింది. 2008 జనవరిల నౌకాదళం ఆ జాగను ఇడిసిపెట్టింది. మక్కలు, సోయాలు పండించే రైతులు ప్రపంచంలనే పెద్ద నౌకాదళాన్ని ఆపిండ్రు. చేతుల తుపాకి లేదు, అధూరగ ఉన్న ఒక అంచనా నివేదిక ఉన్నది, అంతే.

రెండో కేసు వాషింగ్టన్ రాష్ట్రంల విడ్బీ ద్వీపంది. 2019ల అక్కడ 36 గ్రౌలర్ విమానాలు అదనంగ పెట్టాలని నిర్ణయించిండ్రు. కూప్‌విల్ అనే చిన్న రన్‌వే మీద దిగుడు లేచుడు నాలుగింతల దాక పెరుగుతయి. 2022 ఆగస్టుల ఫెడరల్ కోర్టు ఆ నివేదికల తప్పులు పట్టింది. పిల్లల చదువు మీద చప్పుడు ఎంత దెబ్బ కొడుతదో లెక్క కట్టలేదన్నది. ఒక్కొక్క రకం పిట్ట మీద ప్రభావం విడిగ చూడలేదన్నది. ఇంధనం కాలి వచ్చే పొగ లెక్క సక్కగ చెప్పలేదన్నది. ఈ విమానాలను కాలిఫోర్నియాల ఇంకో స్థావరానికి మారిస్తే ఎట్లుంటదో పట్టించుకోలేదన్నది. కోర్టు విమానాలను ఆపలేదు. లెక్క మళ్లీ తియ్యమన్నది. ఈ తీర్పుల మనకు పనికొచ్చే మాట అదే. లెక్క సరిగ తియ్యమని అడుగుడు సైన్యాన్ని ఆపుడు కాదు.

మూడోది జపాన్. టోక్యో దగ్గర అత్సుగిల అమెరికా విమానాల చప్పుడు మీద ఏండ్లకేండ్లు కేసులు నడిచినయి. అందుకని అరవై దాక విమానాలను ఇవాకుని అనే ఊరికి మార్చాలని రెండు ప్రభుత్వాలు అనుకున్నయి. 2006 మార్చిల ఇవాకుని పట్నం జనం ఓట్లు వేసుకున్నరు. పోలైన ఓట్లల్ల 87 శాతం వద్దన్నరు. అయినా ఆగలేదు. కేంద్రం ఆ మున్సిపాలిటీకి ఇచ్చే సొమ్ము ఆపింది. 2008ల వద్దన్న మేయర్ ఎన్నికల్ల ఓడిపోయిండు. 2018 మార్చికి మార్పిడి పూర్తయింది. అయితే అక్కడ రన్‌వేను 2010ల ఒక కిలోమీటరు సముద్రం లోపలికి జరిపిండ్రు. ఊరి మీది నుంచి కాకుండ నీళ్ల మీది నుంచి విమానాలు పోవాలని ఆ పని చేసిండ్రు. ఏండ్ల తరబడి అడిగితేనే ఆ ఒక్క కిలోమీటరు వచ్చింది. ఇంకో మాట కూడ సోయిల పెట్టుకోవాలె. అత్సుగి చప్పుడు మాయం కాలేదు, ఇవాకునికి పోయింది. ఒక ఊరి బాధ ఇంకో ఊరికి అంటగడితే అది పరిష్కారం కాదు. అందుకని హైదరాబాద్ శివారుల రద్దీ అయింది గనుక దూరం జిల్లాలకు పంపుదాం అని రేపు ఎవరన్న అంటే, దూరం జిల్లాలల్ల కూడ మనుషులే ఉంటరని చెప్పాలె.

ఇగ మనల్ని ఎదురడిగే మాటలకు జవాబు చెప్పుకుందాం. మొదటి మాట రహస్యం. శత్రువుకు తెలుస్తదంటరు. ఏ విమానంల ఏ ఆయుధం ఉన్నది, ఏ దినం ఎటు పోతది అనేది రహస్యమే, మేం అడగం. కాని చప్పుడు రహస్యమా? అది ఊరంతా వింటది. రన్‌వే రహస్యమా? ఉపగ్రహ పటంల పిల్లగాని సెల్‌ఫోన్ల కనబడుతది. బోరు నీళ్లల్ల కిరసనాయిలు వాసన రహస్యమా? ఊరి మీద పడే ప్రభావం ఊరి నుంచే దాచుడు భద్రత కాదు. సమాచార హక్కు చట్టంల కూడ 8(1)(ఎ) సెక్షన్ భద్రత పేరు మీద ఆపితే, 8(2) సెక్షన్ ప్రజా ప్రయోజనం ఎక్కువుంటె ఇయ్యవచ్చు అంటున్నది. అడిగేటోడు రెండో సెక్షన్ కూడ రాయాలె.

రెండో మాట అభివృద్ధి. స్థావరం వస్తే కొలువులు వస్తయంటరు. రావచ్చు. ఎన్ని, ఎవరికి, ఎంతకాలం అని కాయితం మీద రాసి పెట్టండ్రి, మేం సంతోషంగ చదువుతం. నిజాంసాగర్ కట్టినప్పుడు నలభై దాక ఊర్లు మునిగినయి. 1931 నుంచి ఆ నీళ్లు లక్షల ఎకరాలకు అన్నం పెట్టినయి. మంచి జరిగింది. మునిగినోళ్ల పేర్లు మాత్రం ఎవరికీ యాదికి లేవు. మంచి జరిగే పనిల కూడ నష్టపోయినోని లెక్క రాయాలె. అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాయకపోతే ఎట్ల?

మూడో మాట, మనం అడిగితే ఏమైతది అనే నిరాశ. దీనికి జవాబు కామారెడ్డిలనే ఉన్నది. 2022 ఆఖరుల కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్, రామేశ్వర్‌పల్లి రైతులు తమ పంట భూములు పారిశ్రామిక జోన్ల పడ్డయని చూసుకున్నరు. ఒక రైతు పాణం తీసుకున్నడు. 2023 జనవరి 5న కలెక్టరేట్ ముందు ఏం జరిగిందో మీ అందరికీ ఎరుకే. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ కూసోని ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. రైతులు గెలిచిండ్రు. ఎట్ల గెలిచిండ్రు? వాళ్ల ధైర్యం ఒకటి. రెండోది, ముసాయిదా అనే ఒక కాయితం వాళ్ల చేతికి వచ్చింది. దాంట్ల సర్వే నంబర్లు ఉన్నయి, రంగులు వేసిన పటం ఉన్నది, అభ్యంతరం చెప్పేతందుకు గడువు ఉన్నది. కాయితం ఉన్నది గనుక కొట్లాట సాధ్యమైంది. విమాన స్థావరం ముచ్చటల ఆ కాయితమే ఉండదు. మేం అడిగేది ఆ కాయితమే. మున్సిపాలిటీ రోడ్డు వెడల్పుకు ఇచ్చిన గడువు, నెత్తి మీది జెట్‌కు ఎందుకు ఇయ్యరు?

అందుకని మేం ఐదు డిమాండ్లు మీ ముందు పెడుతున్నం. ఒకటి, తెలంగాణల ఏ స్థావరానికైనా కొత్త రకం సైనిక విమానాలు మార్చే ముందు, కట్టడం ఉన్నా లేకున్నా పర్యావరణ అంచనా రాయాలె. రెండు, రహస్యమైన భాగం తీసేసి మిగిలిన నివేదికను తెలుగుల, ఉర్దూల, ఆదిలాబాద్ అయితే గోండిల కూడ గ్రామ పంచాయతీల పెట్టాలె. మూడు, బడులు, దవాఖానలు, చెరువులు, అభయారణ్యాల మీది నుంచి తక్కువ ఎత్తుల దారి పెట్టకుండ ముందే గీత గీయాలె. నాలుగు, ఇంకో జాగ ఎందుకు పనికిరాదో రాయాలె. ఐదు, భూసేకరణ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణల సామాజిక అంచనాను తప్పించే వీలును అసెంబ్లీ తీసెయ్యాలె. ఇది ఢిల్లీని అడిగే పని కాదు, మన ఎమ్మెల్యేలను అడిగే పని.

ప్రభుత్వం చేసేదాక మనం ఊకె ఉండొద్దు. టీచర్లు ఉన్నరు. మీ బడి మీది నుంచి విమానం పోయిన ప్రతిసారి రిజిస్టర్ల టైం రాయండ్రి. ఒక నెల రాస్తే అది సాక్ష్యం అయితది. డిగ్రీ కాలేజీల జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నరు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక పోచారం మీద, నిజాంసాగర్ మీద పిట్టలు లెక్క పెట్టండ్రి. రసాయన శాస్త్రం లెక్చరర్లు ఉన్నరు. ఊరికి రెండు బోర్ల నీళ్లు పరీక్ష చేసి తారీఖు వేసి పెట్టండ్రి. రెవెన్యూ ఉద్యోగులు ఉన్నరు. ఏ ఫైలు ఏ చట్టం కింద నడుస్తున్నదో ప్రజలకు సమజయ్యేటట్టు చెప్పుడు కొలువుకు ద్రోహం కాదు. వకీళ్లు ఉన్నరు. సమాచార హక్కు దరఖాస్తు ఎట్ల రాయాల్నో ఊరూరికి నేర్పుండ్రి. కూప్‌విల్‌ల గాని, వాషింగ్టన్ కౌంటీల గాని కోర్టుల నిలబడ్డది ఉపన్యాసం కాదు, లెక్క.

మిత్రులారా! రాష్ట్రం వస్తే మన నిర్ణయాలు మన దగ్గర జరుగుతయని అనుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నిర్ణయాలు మన దగ్గరికి వచ్చినయా, లేక మన పేరు మీద జరుగుతున్నయా అనేది దామగుండం అడుగుతున్నది, రేపు ఆదిలాబాద్ అడుగుతది, ఎల్లుండి ఇంకో జిల్లా అడుగుతది. దేశ రక్షణకు భూమి ఇయ్యమంటే ఇచ్చే జనం మనం. అడగకుండ తీసుకుంటె మాత్రం ఎందుకని అడిగే జనం కూడ మనమే. దేశాన్ని కాపాడే విమానం కింద ఉన్న ఊరు కూడ దేశమే. ఆ ఊరి లెక్క రాయమని ఊరూర అడగండ్రి, కాయితం చేతికి వచ్చేదాక అడగండ్రి.